గ్రాముగారి కాలేయం

గ్రాముగారికి కత్తంటే భయం లేదు. మత్తంటే భయం లేదు. పొట్ట కోసి, కాలేయంలో సగానికి పైగా తీసి పక్కన పెడతామని డాక్టరమ్మ చెబుతుంటే చీమ కుట్టినట్టయినా లేకుండా కూర్చుని విన్నారు. అంతా విని, కళ్ళజోడు సర్దుకుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"తీసిన ముక్కని తూస్తారా?"

"తూస్తామండీ. బరువు రాసుకోవాలి కదా."

"ఆ కాటాకి ముద్ర ఉందా?"

డాక్టరమ్మ ఇరవయ్యేళ్ళుగా కాలేయాలు కోస్తోంది. నేను బతుకుతానా అని అడిగినవాళ్ళని చూసింది, మచ్చ ఎంత పొడుగు పడుతుందని అడిగినవాళ్ళని చూసింది. కాటా సంగతి అడిగినవాణ్ణి మాత్రం చూడలేదు. "ఏం ముద్రండీ?" అంది అమాయకంగా.

పక్క కుర్చీలో ఉన్న గ్రాముగారి భార్య తల పట్టుకుంది. ఇక ఈ సాయంత్రానికి ఇల్లు చేరినట్టే అనుకుంది.

గ్రాముగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, మఖమలు పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి తూకపురాళ్ళు పెట్టుకుని, కొట్టు కొట్టుకీ తిరిగి, ఊళ్ళో ఉన్న ప్రతి కాటా కిందా తల పెట్టి చూసిన మనిషి. సరిగ్గా తూగితే ముద్ర కొడతారు, తూగకపోతే సీలు వేస్తారు. కొట్లవాళ్ళు మొదట్లో ఆయన్ని చాటుగా గ్రాముగారు అనేవారు. తరవాత ఎదురుగానే అనేశారు. ఆయనకి కోపం రాలేదు సరికదా, బిరుదు ఇచ్చినట్టు తలూపారు. పెళ్ళయిన కొత్తలో భార్య ముచ్చటపడి "నేనంటే మీకెంత ఇష్టం?" అని అడిగితే, చాలాసేపు ఆలోచించి "సుమారుగా చెప్పడం నాకు చేతకాదు" అన్నారట. ఆవిడ మళ్ళీ అడగలేదు.

అలాంటి మనిషి కాలేయం ఇవ్వడానికి సిద్ధపడ్డది సొంత చెల్లెలికి. ఆ చెల్లెలు ఆయనతో మాట్లాడి పదకొండేళ్ళయింది.

చెల్లెలిది మేకుల కొట్టు. ఇరుకు సందులో, రెండు బల్లలు పట్టేంత కొట్టు. మేకులు, మరలు, బోల్టులు తూకానికి అమ్మేది. భర్త పోయాక ఆ కొట్టుతోనే కూతుర్ని పెంచింది. సందులో అందరూ మేకులమ్మ అని గౌరవంగా పిలిచేవారు. పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం గ్రాముగారు పెట్టె పట్టుకుని ఆ సందులోకి తనిఖీకి వచ్చారు. "అన్నయ్యా, టీ తాగి మొదలుపెట్టు" అంది చెల్లెలు. "డ్యూటీలో ఉన్నానమ్మా" అన్నారు ఆయన. ఆ ఒక్క మాట దగ్గరే ఆవిడకి అర్థమై ఉండాల్సింది.

కాటాలో నలభై గ్రాముల తేడా వచ్చింది. ఆ తేడా ఎటు? ఎక్కువ వైపుకి. అంటే కిలో మేకులు అడిగినవాడికి కిలో మీద నలభై గ్రాములు పోతున్నాయి. నష్టపోతున్నది మేకులమ్మే, లాభపడుతున్నది సందు మొత్తం. ఆ సంగతి గ్రాముగారు చెల్లెలికి చెప్పారు కూడా. చెప్పి, ఫారం తీశారు. ఆ ఫారంలో "తేడా" అని ఒక గడి ఉంది. ఎక్కువా తక్కువా అని రాయడానికి వేరే గడి లేదు. గ్రాముగారు ఉన్న గడిలో 40 అని రాసి, కాటా జప్తు చేసి, మూడు రోజులు కొట్టుకి సీలు వేసి, గుమ్మం మీద "తూకంలో తేడా" అనే ఎర్ర కాగితం అంటించారు.

సందు జనం గుంపు కట్టారు. "అన్నయ్యా, నష్టం నాకే గానీ వాళ్ళకి కాదని ఒక్క మాట చెప్పి వెళ్ళు" అని బతిమాలింది చెల్లెలు.

"అది నా పని కాదమ్మా. తేడా తేడాయే. ఎటైనా ఒకటే" అన్నారు గ్రాముగారు.

ఆ మాటతో ఆయన నియమం నిలబడింది, చెల్లెలి కొట్టు కూలబడింది. ఎర్ర కాగితం చదివినవాళ్ళెవరూ ఎక్కువ తూచినందుకు సీలు వేస్తారని కలలో కూడా అనుకోరు కదా! మేకులమ్మ కాస్తా నలభై గ్రాములమ్మ అయిపోయింది. సగం మంది ఎదురు కొట్టుకి మారిపోయారు. నాలుగో రోజు కాటా తీసుకెళ్ళమని ఆఫీసు నుంచి కబురొస్తే, "నా పేరు తెచ్చిస్తే కాటా తీసుకుంటానని చెప్పండి" అని పంపేసింది. అప్పటి నుంచి ఆ కాటా ఆఫీసు సామాన్ల గదిలోనే పడి ఉంది, అన్నయ్య అనే పిలుపు ఆవిడ గొంతులో పడి ఉంది.

ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిన కామెర్లు ఆవిడ కాలేయాన్ని లోపల్లోపలే తినేశాయని ఈ మధ్యే తేలింది. కొత్తది పెట్టకపోతే ఆర్నెల్లు కూడా కష్టమన్నారు. కూతురి రక్తం కలవలేదు. గ్రాముగారిది కలిసింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఎంతిస్తున్నారో కచ్చితంగా తెలియకుండా ఆయన సరే అన్నది జీవితంలో అదొక్కసారే.

ఆసుపత్రి మంచం మీద చెల్లెలు, గుమ్మంలో గ్రాముగారు, మధ్యలో మేనకోడలు.

"అమ్మా, మామయ్య ఇస్తానంటున్నాడే" అంది మేనకోడలు.

"తూచి ఇస్తాడేమో అడుగు" అంది చెల్లెలు గోడకేసి చూస్తూ.

"మామయ్యా, తూచి..."

"వినబడిందమ్మాయ్. తూస్తారట. కాటా నేను చూసుకుంటానని చెప్పు."

"అమ్మా, కాటా..."

"నాకూ చెవులున్నాయి. ఇస్తే తీసుకుంటానని చెప్పు. నీకు నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి తీసుకుంటాను. మాట్లాడ్డం మాత్రం ఉండదని కూడా చెప్పు."

గ్రాముగారు నొచ్చుకోలేదు. పొట్ట కోసుకుని సగం కాలేయం చేతిలో పెట్టాక రాయైనా కరుగుతుందని ఆయన ధీమా. ఆయనకి దండలూ వద్దు, దండాలూ వద్దు. చెల్లెలు నోరారా "అన్నయ్యా" అంటే చాలు. ఆ ఒక్క పిలుపు కోసం ఆయన ఎంతైనా ఇస్తారు. బరువు మాత్రం సరిగ్గా ఉండాలి.

ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం గ్రాముగారు చెక్కపెట్టెతో సహా ఆసుపత్రిలో చేరారు. కాటా చూడనిదే సంతకం పెట్టనని భీష్మించుకున్నారు. కాగితాల గుమస్తా బతిమాలాడు, నర్సు బతిమాలింది, భార్య ముక్కచీవాట్లు పెట్టింది. చివరికి డాక్టరమ్మే విసుగెత్తి, మర్నాడు వాడబోయే కాటాని నడవాలోకి తెప్పించింది. పైజమా వేసుకుని, చేతికి పేరు పట్టీ కట్టించుకున్న గ్రాముగారు నేల మీద మోకాళ్ళు ఆనించి, ఒక కన్ను మూసి, కాటా ఒరిగి ఉందేమో చూశారు. చేతి గుడ్డతో ఒక్కొక్క ఇత్తడి రాయినీ తుడిచి పెట్టారు. వంద, రెండువందలు, అయిదువందలు, కిలో. అటు వెళ్ళే రోగులు, ఇటు వచ్చే చుట్టాలు చుట్టూ మూగారు. ఒక్క గ్రాము తేడా రాలేదు.

"బాగుంది" అన్నారు గ్రాముగారు. గొంతులో కాస్త నిరాశ కూడా ఉందని భార్య తరవాత చెప్పింది.

మర్నాడు పది గంటలు పట్టింది ఆపరేషన్. గ్రాముగారు కళ్ళు తెరిచేసరికి నర్సు వంగి చూస్తోంది. "ఎంత?" అన్నారు ఎండిపోయిన గొంతుతో. నొప్పి సంగతేమో అనుకుని ఆ పిల్ల "కొంచెం ఉంటుంది, తగ్గిపోతుంది" అంది. గ్రాముగారు కళ్ళెర్రజేశారు. "ముక్క ఎంత?"

"ఏడువందల పన్నెండు గ్రాములండీ."

"ఏడువందల పన్నెండు" అని మంత్రంలా ఒకసారి అనుకుని, మళ్ళీ నిద్రలోకి జారుకున్నారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు నాటకం. మిగిలిన ముక్క తనంతట తనే పెరిగి, రెండు మూడు నెలల్లో దాదాపు పాత సైజుకి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. గ్రాముగారు "దాదాపు" అన్న మాట పక్కన పెట్టేసి మిగతాది నమ్మారు. ఏడువందల పన్నెండు గ్రాములు పోయాయి, ఏడువందల పన్నెండు గ్రాములు రావాలి. ఆఫీసు నుంచి ముద్ర ఉన్న కాటా తెప్పించి వరండాలో పెట్టించారు. రోజూ ఉదయం పళ్ళు తోముకుని, పొట్టకి కట్టిన వెడల్పాటి బెల్టు విప్పి, భార్య చెయ్యి పట్టుకుని ఎక్కేవారు.

వారం రోజుల పాటు బరువు తగ్గుతూనే వచ్చింది. ముఖం మాడిపోయింది. "పెరగడం లేదే" అని గొణిగారు. "తినకపోతే ఎక్కణ్ణించి పెరుగుతుందండీ?" అని భార్య సూపు గిన్నె ముందు పెట్టి, ఖాళీ అయ్యేదాకా కాపలా కూర్చుంది.

తొమ్మిదో రోజు కాటా ముల్లు ఏకంగా ఏడువందల గ్రాములు ముందుకి దూకింది. గ్రాముగారు ఊగిపోయారు. "వచ్చేసిందే! ఇంకా పన్నెండు గ్రాములే!" అని వరండాలోంచే కేక పెట్టారు. కుట్లు లాగి కళ్ళ నీళ్ళు తిరిగినా ఆపలేదు. ఎదురింటివాళ్ళు కిటికీలు తీసి ఏం వచ్చిందో అని చూశారు. భార్య వంటింట్లోంచి వచ్చి ఆయన్ని కిందా మీదా చూసి, నింపాదిగా అంది:

"పొద్దున చలిగా ఉందని స్వెటరు నేనే వేశాను. బెల్టు కూడా విప్పలేదు మీరు."

ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో అంతకన్నా అవమానం ఉండదు. బరువు చూసేటప్పుడు సంచి తీసెయ్యాలని ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి! స్వెటరూ బెల్టూ విప్పి విడిగా తూచారు. ఆరువందల ఎనభై. "అయితే ఆ ఇరవై గ్రాములు కాలేయానివే" అన్నారు, ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసి. సూపువి కావచ్చని భార్యకి అనిపించింది గానీ, పోనీలే పాపం అని నోరు మూసుకుంది.

మూడు నెలల తరవాత అన్నాచెల్లెళ్ళిద్దరినీ ఒకే రోజు పరీక్షకి రమ్మన్నారు. ఆ రోజు కోసం గ్రాముగారు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. వెయిటింగ్ హాల్లో చెల్లెలు ఎదురు వరసలో కూర్చుంది. ముఖంలో పసుపు పోయింది, బుగ్గలకి కండ పట్టింది. ఆవిణ్ణి చూడగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బతికింది, అది చాలు అనుకున్నారు. వెంటనే, చాలదు, ఒక్కసారి పిలిస్తే బాగుండు అని కూడా అనుకున్నారు.

డాక్టరమ్మ రెండు స్కాన్లూ పక్క పక్కన తెర మీద పెట్టింది. "ఇది అన్నగారిది, ఇది చెల్లెలుగారిది. ఆపరేషన్‌కి ముందు అన్నగారి కాలేయం పన్నెండువందల నలభై గ్రాములని అంచనా వేశాం. ఇప్పుడు అన్నగారికి పదకొండువందల పది, చెల్లెలుగారికి పదకొండువందల యాభై. చాలా బాగా పెరిగాయి."

గ్రాముగారు వేళ్ళు మడిచి కూడారు. మళ్ళీ కూడారు. "డాక్టరుగారూ, పన్నెండువందల నలభై కోస్తే రెండువేల రెండువందల అరవై అయిందంటున్నారు. మిగతా వెయ్యిన్నీ ఇరవై గ్రాములు ఎక్కడివి?"

"మీరిద్దరూ తిన్న తిండిలోవి."

"నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశానండీ. తూచాక తగ్గిన సరుకుని చూశాను గానీ, కోశాక పెరిగిన సరుకుని చూడలేదు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. పెన్నుతో తెర మీద చూపించింది. "కడుపులోంచి వచ్చే రక్తం ఇదివరకు పెద్ద కాలేయంలోంచి పోయేది. ఇప్పుడు అదంతా ఈ చిన్న ముక్కలోంచే పోవాలి. ఆ తాకిడికి లోపలి కణాలు నిద్రలేచి, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. కానీ చూడండి, మేం కోసేసిన కుడివైపు మళ్ళీ మొలవలేదు. అది ఎప్పటికీ మొలవదు. మిగిలిన ఎడమ ముక్కే ఒళ్ళు చేసి, దాని పని కూడా నెత్తినేసుకుంది. ఒంటికి సరిపడా అయ్యాక ఆగిపోతుంది."

"ఆగమని ఎవరు చెబుతారు?"

"అది మాకూ పూర్తిగా తెలీదండీ."

"తనిఖీ ఏమీ లేకుండానే?"

"లేకుండానే."

గ్రాముగారు ముగ్ధులైపోయారు. ఇన్‌స్పెక్టరు అక్కర్లేకుండా తన హద్దు తను తెలుసుకునే సరుకు ఒకటి లోకంలో ఉందని, అది ఇన్నాళ్ళూ తన పొట్టలోనే ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఆ సంతోషంలో చెల్లెలి వైపు తిరిగి చూశారు. చెల్లెలు ఆయన్ని చూడలేదు. డాక్టరమ్మని చూసింది.

"అయితే డాక్టరుగారూ, ఈయనిచ్చింది ఈయనకి తిరిగొచ్చేసినట్టేగా?"

"దాదాపు వచ్చేసినట్టేనమ్మా."

"మంచిది" అంది చెల్లెలు. కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. "నా పేరు మాత్రం పోయి పదకొండేళ్ళయింది. ఇంకా మొలవలేదు." గుమ్మం దగ్గర ఆగి, తిరక్కుండానే, "ఈయన ఒంట్లో బాగుండాలని కోరుకుంటున్నానని చెప్పవే" అని కూతురికి చెప్పి వెళ్ళిపోయింది.

గ్రాముగారు భార్యతో ఇంటికొచ్చారు. చెప్పులు విప్పుతూ, "పెరగకపోతే బాగుండేది" అన్నారు.

భార్యకి ఒళ్ళు మండింది. "ఏం మాటలండీ అవి? కాలేయం పెరిగితే పిల్లిలా మూలన కూర్చుంటారా?"

"అంత కోసిచ్చినా లెక్కలోకి రాలేదంటోంది కదే."

"ఆవిడ అడిగింది కాలేయం కాదుగా! ఎర్ర కాగితం అంటించిన రోజు నలుగురిలో ఒక్క మాట చెప్పమంది. దానికి కత్తి అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, కాటా అక్కర్లేదు. అది మాత్రం మీ నోట్లోంచి రాలేదు. గడి లేదన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క పొరపాటూ చెయ్యలేదని మీరే ఊరంతా చెప్పుకుంటారు కదా, ఆ గొప్ప కోసుకోవాలంటే మీకు పొట్ట కోసుకోవడం కన్నా ఎక్కువ నొప్పి." అలా అనేసి, తనే భయపడి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గ్రాముగారు వరండాలో కాటా పక్కన కూర్చున్నారు. తేడా తేడాయే, ఎటైనా ఒకటే. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట ఆయనకి చాలా బరువైన మాటగా, గొప్ప మాటగా ఉండేది. ఇవాళ పైకి ఒకసారి అని చూసుకుంటే డొల్లగా వినిపించింది. ఎటైనా ఒకటి ఎలా అవుతుంది? తన కాలేయం వెయ్యిన్నీ ఇరవై గ్రాములు ఎక్కువైందని సంబరపడ్డవాడు, తక్కువైతే సంబరపడేవాడా? ఆయనకి సిగ్గేసింది. అంతకు ముందు ఎప్పుడు సిగ్గుపడ్డారో గుర్తు తెచ్చుకోబోయారు గానీ గుర్తు రాలేదు.

మర్నాడు ఉదయం సెలవులో ఉండి కూడా ఆఫీసుకి వెళ్ళారు. సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల వెనక, చెల్లెలి కాటా ఉంది. ఇనుప స్తంభం, అడ్డ దండె, రెండు ఇనుప పళ్ళేలు. చేత్తో దుమ్ము తుడిచి, రాళ్ళు పెట్టే పళ్ళెం తిరగేసి చూశారు. పదకొండేళ్ళ కిందట చూసింది అక్కడే ఉంది. అడుగున గడ్డకట్టిన గ్రీజులో ఇరుక్కుపోయిన ఒక బోల్టు. ఆ బోల్టు బరువే నలభై గ్రాములు. రాళ్ళ పళ్ళేనికి అది తోడవడం వల్ల అవతలి పళ్ళెంలో అంత మేరా మేకులు ఎక్కువ పడేవి.

కాటా బయటికి తీసుకెళ్ళాలంటే ఒక ఫారం ఉంది. అందులో "కారణం" అని వేలెడంత గడి. గ్రాముగారు రాయడం మొదలుపెట్టారు. "సదరు కాటాలో తేడా కొనేవారికి లాభంగా ఉండెను. దుకాణదారుకి నష్టంగా ఉండెను. ఇన్‌స్పెక్టరు ఆ సంగతి నలుగురిలో చెప్పలేదు. చెప్పి ఉండవలసినది." గడి నిండిపోయింది. అంచులోకి వెళ్ళారు. అంచు నిండిపోయాక కాగితం తిరగేసి రాశారు. సామాన్ల గుమస్తా నోరు తెరుచుకుని చూశాడు. గ్రాముగారి అక్షరం గడి దాటడం అతను చూడ్డం అదే మొదలు.

కారు సందు మొదట్లోనే ఆగిపోయింది, లోపలికి పట్టదు. గ్రాముగారు కాటాని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని, నాలుగడుగులకోసారి దించుతూ, ఎత్తుతూ నడిచారు. చెక్కపెట్టె భుజాన వేలాడుతోంది. ఉదయం బేరం జోరుగా ఉన్న వేళ. ఎదురు కొట్టు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు, చెల్లెలి కొట్టు ముందు ఇద్దరున్నారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనగానే ఎదురు కొట్టువాడు చటాలున తన కాటా తుడవడం మొదలుపెట్టాడు.

గ్రాముగారు అటు చూడలేదు. చెల్లెలి కొట్టు ముందున్న బల్ల మీద కాటా పెట్టారు. లోపల చెల్లెలు మేకుల డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేనకోడలు "మామయ్యా, మళ్ళీ ఏమైంది?" అంది, ముఖం పాలిపోయి.

"ఏమీ కాలేదమ్మా. మేకులు ఓ రెండు కిలోలు ఇటు పొయ్యి."

ఎడమ పళ్ళెంలో ఇత్తడి కిలో రాయి పెట్టారు. కుడి పళ్ళెంలో మేకులు పోస్తూ పోస్తూ, దండె సమానంగా నిలిచాక ఆగారు. ఆ మేకుల్నే చెల్లెలి కొత్త కాటా మీదకి మార్చారు. అంకెలు వెలిగాయి. వెయ్యిన్నీ నలభై.

గ్రాముగారికి గట్టిగా మాట్లాడ్డం అలవాటు లేదు. నోటీసులే ఆయన తరఫున మాట్లాడేవి. గొంతు సవరించుకున్నారు, రెండుసార్లు దగ్గారు, ఆ తరవాత సందు సగం దాకా వినబడేలా అన్నారు: "ఇది పదకొండేళ్ళ కిందట నేను జప్తు చేసిన కాటా. ఇది తక్కువ తూచలేదు. ఎక్కువ తూచింది. మీలో ఎవ్వరికీ ఒక్క మేకు నష్టం రాలేదు. నష్టం ఈవిడకే వచ్చింది. ఆ సంగతి నాకా రోజే తెలుసు. తెలిసి కూడా చెప్పకుండా వెళ్ళిపోయాను. తప్పు కాటాది కాదు, నాది." పళ్ళెం తిరగేసి, గ్రీజులోంచి బోల్టు పీకి, వేళ్ళు నల్లబడగా పైకెత్తి చూపించారు. "ఇదిగో, దొంగ ఇది."

ఎదురు కొట్టు ముందు నిలబడ్డ ముసలి వడ్రంగి ముందుగా తేరుకున్నాడు. చేతిలో అప్పుడే కట్టించుకున్న మేకుల పొట్లం ఉంది. "ఆగండాగండి. అంటే అప్పట్లో నాకు కొన్నప్పుడల్లా నలభై గ్రాములు ఎక్కువ వచ్చేదా?"

"వచ్చేది."

"మరి నేను పదకొండేళ్ళుగా ఈ ఎదురు కొట్లో కొనుక్కుంటున్నానే!"

"కొంటున్నారు."

వడ్రంగి పొట్లం వైపు చూసుకున్నాడు. ఎదురు కొట్టువాడి వైపు చూశాడు. "ముందే చెప్పి చావలేకపోయారా!" అని ఇన్‌స్పెక్టరు మీద విరుచుకుపడ్డాడు. జనం ఘొల్లున నవ్వారు. గ్రాముగారు తిట్లు తింటూ బుద్ధిగా నిలబడ్డారు. ఆ తిట్లు ఎంత తిన్నా బరువు అనిపించలేదు. వడ్రంగి తిట్టడం ముగించి సందు దాటి ఇటువైపు వచ్చాడు. "మేకులమ్మగారూ, మూడంగుళాలవి రెండు కిలోలు ఇవ్వండి" అన్నాడు. పదకొండేళ్ళ తరవాత ఆ పేరు ఆ సందులో మళ్ళీ వినిపించింది.

చెల్లెలు మేకులు తూచింది, పొట్లం కట్టింది, ఇచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. గ్రాముగారి వైపు చూడలేదు. చెంగుతో ముఖం తుడుచుకుంది గానీ, అది చెమటో ఇంకోటో ఆయన నిలబడ్డ చోటి నుంచి తెలియలేదు.

సరే, అనుకున్నారు గ్రాముగారు. చెప్పాల్సింది చెప్పేశాను, పిలవడం పిలవకపోవడం తన ఇష్టం. తలెత్తుకుని నిలబడ్డారు. కొట్టు లోపల బల్ల మీద, పాత కాటా ఉండే చోట పాలిపోయిన చదరపు మచ్చ అలాగే ఉంది. ఇన్నేళ్ళూ ఆవిడ అక్కడ ఏమీ పెట్టలేదు. కాటాని దాని చోట పెట్టేసి వెళ్ళిపోదామని వంగి, పళ్ళేలతో సహా రెండు చేతులా పైకెత్తారు.

"అన్నయ్యా!" కొట్టు అదిరేలా అరిచింది చెల్లెలు. "బుద్ధుందా నీకు? ఆర్నెల్లు బరువెత్తొద్దన్నారు కదా! కుట్లు ఊడితే నిన్నెవడు కుడతాడు? దించు!"

గ్రాముగారు దించలేదు. కాటా పట్టుకుని అలాగే నిలబడ్డారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, పొట్టలో కుట్లు చురుక్కుమంటున్నాయి.

"మామయ్యా, దించు" అంది మేనకోడలు కంగారుగా.

ఆయన కదల్లేదు.

"నీకే చెప్పేది, దించమంటున్నానా అన్నయ్యా!"

అప్పుడు దించారు. ఆయన ఆశపడింది ఒక్క పిలుపు, వచ్చింది రెండు. తేడా ఉంది గానీ, ఇన్‌స్పెక్టరుగారు ఏమీ అనలేదు.